మార్ఫిన్ కొన్నాళ్లకు ఎందుకు పట్టదు? మెదడులోని ప్రోటీన్లు ఏం చేస్తాయి?

ప్రశ్న వేసినాయన రాసింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి క్యాన్సర్ ఎముకలకు పాకింది. నొప్పికి నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రతో మొదలుపెట్టారు. మూడు నెలల్లో అది 30కి చేరింది. "మెదడులో ఏవో ప్రోటీన్లు ఈ మందును పనిచేయనివ్వవని చదివాను. నిజమేనా? వాటిని ఆపే మందు లేదా? ఇలా పెంచుకుంటూ పోతే నాన్న దీనికి బానిస అయిపోతారా?"

నొప్పి వైద్యంలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను.

అవును, అలాంటి ప్రోటీన్లు ఉన్నాయి. మార్ఫిన్ ఇచ్చే సంకేతం ఎంత గట్టిగా ఉండాలి, ఎంతసేపు ఉండాలి అన్నది చాలావరకు అవే తేలుస్తాయి. వాటిని నేరుగా ఆపే మందు ఇంకా రోగి మంచం దాకా రాలేదు. ఎందుకు రాలేదో కింద రాస్తాను, ఆసక్తికరమైన కథే. మూడో ప్రశ్నకు, మీరు రాసినదాంట్లో వ్యసనం లక్షణం నాకు ఒక్కటీ కనబడలేదు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. డోస్ మూడింతలైందంటే మందు అలవాటు పడిపోయిందని నేనైతే వెంటనే అనుకోను. ఎముకల క్యాన్సర్‌లో నా మొదటి అనుమానం మందు మీద ఉండదు, నొప్పి మీదే ఉంటుంది.

ఇక వివరం.

మార్ఫిన్ నాడీకణం లోపలికి వెళ్లి పనిచేయదు. కణం పైపొరలో మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్ అని ఒకటుంటుంది (మార్ఫిన్ జాతి మందులను ఓపియాయిడ్లు అంటాం). దాన్ని గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్ అనుకోండి. మార్ఫిన్ చేసేది ఆ బెల్ నొక్కడం మాత్రమే. లోపల లేచి పని చేసేది జి-ప్రోటీన్. బెల్ మోగగానే అది రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం తయారీని తగ్గిస్తుంది. రెండో ముక్క కాల్షియం వచ్చే దారులు మూస్తుంది, పొటాషియం బయటకు పోయే దారులు తెరుస్తుంది. కాల్షియం రాకపోతే ఆ నాడి చివర నుంచి నొప్పి కబురు మోసే రసాయనాలు విడుదల కావు. పొటాషియం బయటకు పోతే అవతలి కణం చల్లబడి ఓ పట్టాన స్పందించదు. వెన్నుపాములో, మెదడు కాండంలో ఈ పని జరిగినంతసేపూ మనిషికి నొప్పి తగ్గుతుంది.

ఈ బెల్ మార్ఫిన్ కోసం పెట్టింది కాదు. మన శరీరం సొంతంగా చేసుకునే ఎండార్ఫిన్లు, ఎన్‌కెఫలిన్ల కోసం పెట్టింది. 1973లో మెదడులో ఈ రిసెప్టర్లు ఉన్నాయని మూడు బృందాలు విడివిడిగా చూపించాయి. 1975లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ ఎన్‌కెఫలిన్లను గుర్తించారు. సొంత ఎన్‌కెఫలిన్ ఒక్క క్షణం బెల్ నొక్కి పోతుంది, చుట్టూ ఉన్న ఎంజైములు దాన్ని వెంటనే ముక్కలు చేసేస్తాయి. మార్ఫిన్ అలా కాదు. గంటల తరబడి బెల్ మీద వేలు పెట్టి తీయదు. మీరడిగిన గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. బెల్ ఆగకుండా మోగుతుంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

ఊరుకోరు. ఒకరు కాదు, కనీసం నలుగురు రంగంలోకి దిగుతారు.

మొదటివాళ్లు ఆర్‌జీఎస్ ప్రోటీన్లు. మీరు చదివింది బహుశా వీటి గురించే. లేచిన జి-ప్రోటీన్ దానంతటదే కాసేపటికి మళ్లీ చల్లబడుతుంది, కానీ నెమ్మదిగా. ఆర్‌జీఎస్ వచ్చి "చాల్లే, ఇక కూర్చో" అని దాన్ని త్వరగా కూర్చోబెడుతుంది. ఈ కుటుంబంలో ఇరవైకి పైగా సభ్యులున్నారు, ఒక్కొక్కటీ మెదడులో ఒక్కో చోట ఎక్కువ. వీటిలో ఆర్‌జీఎస్9 అనేదాని పొట్టి రూపం కంటి రెటీనాలో ఉంటుంది. పుట్టుకతో ఆ ప్రోటీన్ లోపించినవాళ్లకు చీకట్లోంచి వెలుగులోకి వస్తే కాసేపు ఏమీ కనబడదు. ఒకసారి లేచిన సంకేతం త్వరగా ఆగకపోవడమే కారణం. బ్రేకు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆర్‌జీఎస్9 పొడవాటి రూపం, అంటే ఆర్‌జీఎస్9-2, మెదడులో స్ట్రయేటమ్ అనే భాగంలో దండిగా ఉంటుంది. ఈ జన్యువు తీసేసిన ఎలుకల మీద 2003లో వచ్చిన ఫలితాలు చదివినప్పుడు నాకు ముందు సంతోషం వేసింది. వాటికి మార్ఫిన్ బాగా పట్టింది, టాలరెన్స్, అంటే అదే డోస్‌కు మందు పట్టు తగ్గిపోవడం, ఆలస్యంగా వచ్చింది. ఇంకేం కావాలి అనుకుంటూ కిందికి చదివాను. అవే ఎలుకలకు మార్ఫిన్ ఇచ్చే మత్తు సుఖం పదింతలకు పైగా తక్కువ డోస్‌కే దొరుకుతోంది. మందు ఆపితే వచ్చే బాధలు కూడా మామూలు ఎలుకల కంటే తీవ్రం. నొప్పికి మేలు చేసే మార్పే వ్యసనానికి తలుపు తీసింది.

తర్వాత 2011లో ఇంకో చిక్కు బయటపడింది. ఇదే ఆర్‌జీఎస్9-2 మార్ఫిన్ నొప్పి తగ్గించే శక్తికి అడ్డుపడుతుంది, అదే జాతి మందులైన ఫెంటనిల్‌కూ మెథడోన్‌కూ మాత్రం తోడ్పడుతుంది. బెల్ అదే, ఇల్లూ అదే, కానీ నొక్కిన వేలు ఎవరిదో చూసి లోపలివాళ్లు వేరే రకంగా లేస్తారు. ఆర్‌జీఎస్-జడ్1 అనే మరో సభ్యుడి విషయంలో 2018లో కాస్త ఆశ కలిగించే ఫలితం వచ్చింది. దాన్ని తగ్గిస్తే ఎలుకల్లో నొప్పి నివారణ పెరిగింది, టాలరెన్స్ ఆలస్యమైంది, మత్తు మీద మోజు తగ్గింది. మూడూ మంచి వైపుకే వెళ్లడం ఈ రంగంలో అరుదు. కానీ అది ఎలుక. మనిషికి ఇచ్చే మాత్ర దాకా ఇంకా చాలా దూరం ఉంది.

రెండోది బీటా-అరెస్టిన్. ఇది జి-ప్రోటీన్ జోలికి పోదు, నేరుగా బెల్ తీగ పీకుతుంది. రిసెప్టర్ ఎక్కువసేపు మోగితే జీఆర్‌కే అనే ఎంజైములు దాని తోకకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ గుర్తు చూసి అరెస్టిన్ వచ్చి అతుక్కుంటుంది. ఇక జి-ప్రోటీన్‌కు దారి ఉండదు. ఒక్కోసారి రిసెప్టర్‌ను కణం లోపలికి లాగేసి, బాగుచేసి తిరిగి పైకి పంపుతుంది.

దీని చుట్టూ నడిచిన కథ వైద్యులందరూ గుర్తుపెట్టుకోవాల్సినది. 1999లో బీటా-అరెస్టిన్2 లేని ఎలుకల్లో మార్ఫిన్ ఎక్కువగా, ఎక్కువసేపు పనిచేస్తుందని తేలింది. 2000లో వాటికి టాలరెన్స్ అంతగా రావడం లేదని, శరీరం మందు మీద ఆధారపడటం మాత్రం మామూలుగానే ఉందని అదే బృందం చూపింది. టాలరెన్స్, ఆధారపడటం ఒకటి కావని నాకు స్పష్టంగా అర్థమైంది ఆ పేపర్‌తోనే. 2005లో ఆ ఎలుకలకు ఊపిరి మందగించడం, మలబద్ధకం కూడా తక్కువేనని వచ్చింది. దాంతో ఓ సిద్ధాంతం తయారైంది. జి-ప్రోటీన్ దారి మంచిది, అరెస్టిన్ దారి చెడ్డది, కాబట్టి మొదటిదాన్నే లేపే మందు కనిపెడితే చాలు. పదిహేనేళ్లు డబ్బూ తెలివీ ఆ వైపు పారాయి. ఆ ఆలోచనతో వచ్చిన ఒలిసెరిడిన్ అనే ఇంజెక్షన్‌కు 2020 ఆగస్టులో అమెరికాలో అనుమతి దొరికింది. ఊపిరి ఆగే ప్రమాదం గురించి మిగతా ఓపియాయిడ్ల మీద ఉండే హెచ్చరికే దాని డబ్బా మీదా వేశారు. అదే ఏడాది వేర్వేరు ల్యాబ్‌లు అరెస్టిన్ లేని ఎలుకల్ని మళ్లీ పరీక్షిస్తే, వాటి ఊపిరి కూడా మార్ఫిన్‌తో మామూలు ఎలుకల్లాగే మందగించింది. సిద్ధాంతం సగం కూలింది. టాలరెన్స్ వరకు అరెస్టిన్ పాత్ర నిజం. ఊపిరి సంగతి మాత్రం జి-ప్రోటీన్ వైపే ఉన్నట్టుంది. అంటే మనకు కావలసిన దారిలోనే ప్రమాదమూ ఉంది.

మూడోది సైక్లిక్ ఏఎంపీ తిరుగుబాటు. ఇది నాకు ఇష్టమైన భాగం. 1975లో శర్మ, క్లీ, నీరెన్‌బర్గ్ ల్యాబ్‌లో పెంచిన కణాలకు మార్ఫిన్ పెట్టి చూశారు. మొదట సైక్లిక్ ఏఎంపీ పడిపోయింది. మందు అలాగే ఉంచితే రెండు రోజుల్లో మళ్లీ మామూలు స్థాయికి ఎక్కింది. అప్పుడు మందు తీసేస్తే ఉన్నదాని కంటే పైకి ఎగసింది. కణం సైక్లిక్ ఏఎంపీని తయారుచేసే ఎంజైమును పెంచుకుని అణచివేతకు సరితూగేలా తయారైందన్నమాట. తొక్కిపట్టిన స్ప్రింగు మీద నుంచి కాలు తీస్తే ఎలా లేస్తుందో అలాగే. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న చోట నోరడ్రినలిన్ కణాలు ఇలాగే ఎగసిపడతాయి. మార్ఫిన్ హఠాత్తుగా ఆపినవాళ్లకు చెమటలు, వణుకు, గుండెదడ, ముక్కు కారడం, విరేచనాలు రావడంలో దీని వాటా చాలా ఉంది. ఆ సమయంలో బీపీ మందైన క్లోనిడిన్ ఎందుకు పనికొస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అది వేరే బెల్ నొక్కి ఆ కణాలనే చల్లబరుస్తుంది.

నాలుగోది ఎన్‌ఎండీఏ రిసెప్టర్. ఇది ఓపియాయిడ్ కుటుంబం కాదు, నొప్పిని పెంచే వైపు పక్షం. మార్ఫిన్ ఎక్కువ కాలం నడిస్తే పీకేసీ లాంటి ఎంజైముల ద్వారా ఇది చురుకెక్కి, నొప్పి కబురు గొంతు పెంచుతుంది. ఎన్‌ఎండీఏను అడ్డుకుంటే ఎలుకల్లో మార్ఫిన్ టాలరెన్స్ ఆగుతుందని 1991లోనే చూపారు. క్లినిక్‌లో మాకు నిజంగా చేతికందింది ఇదొక్కటే. ఆపరేషన్లప్పుడు మత్తుకు వాడే కెటమిన్ ఆ పనే చేస్తుంది, మెథడోన్ కొంతవరకు చేస్తుంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. డ్యూటీలో కొత్తగా చేరిన రోజులు. పొత్తికడుపు క్యాన్సర్‌తో ఉన్న ఒకావిడకు మార్ఫిన్ నడుస్తోంది. రాత్రి నొప్పి పెరిగిందని పిలిచారు, డోస్ పెంచాను. రెండు గంటలకు మళ్లీ పిలిచారు, మళ్లీ పెంచాను. దుప్పటి అంచు కాలికి తగిలినా ఆవిడ కేక వేస్తున్నారు. నేను "టాలరెన్స్" అని కేస్ షీట్‌లో రాసి, తెల్లారేసరికి ఇంకో పెంపు కూడా ఆలోచిస్తున్నాను. పక్కన కూర్చున్న కూతురు అంది, "సార్, అమ్మ వేళ్లు నిద్రలో ఎగురుతున్నాయి, చూడండి." నిజమే. చూపుడువేలు, భుజం, దవడ ఒక్కొక్కటే ఉలిక్కిపడుతున్నాయి. పొద్దున సీనియర్ వచ్చి ఆ వేళ్లు చూసి, కిడ్నీ రిపోర్టు తెప్పించారు. మూత్రనాళాలు గడ్డతో మూసుకుపోయి కిడ్నీలు దిగజారాయి. మార్ఫిన్ నుంచి లివర్‌లో తయారయ్యే పదార్థాలు బయటకు పోయే దారి లేక పేరుకున్నాయి. వాటిలో ఒకటి నొప్పి తగ్గించదు సరికదా, నాడుల్ని రెచ్చగొడుతుంది. మార్ఫిన్ ఆపి, కిడ్నీల మీద అంతగా ఆధారపడని ఫెంటనిల్‌ను తక్కువ డోస్‌లో పెట్టారు. మర్నాటి సాయంత్రానికి ఆవిడ దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నారు.

మందే నొప్పిని పెంచడాన్ని హైపరాల్జీసియా అంటాం. టాలరెన్స్ అయితే డోస్ పెంచితే నొప్పి తగ్గుతుంది. హైపరాల్జీసియా అయితే పెంచినకొద్దీ నొప్పి పెరుగుతుంది, పాకుతుంది, తాకితేనే మంట అనిపిస్తుంది. కాగితం మీద తేలిగ్గా ఉంది కదా. మంచం దగ్గర రాత్రి రెండింటికి అంత తేలిగ్గా ఉండదు.

మీ నాన్నగారి పరిస్థితికి దగ్గరగా ఉన్న ఇంకో కేసు. వెన్ను ఎముకల్లో క్యాన్సర్ ఉన్న పెద్దాయన. నాలుగు వారాల్లో డోస్ రెండింతలైంది. ఇంట్లోవాళ్లు "మందుకు అలవాటు పడిపోయారండీ" అని తీర్మానించుకుని వచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి, వెన్ను మీద ఒక్కో పూసనూ వేలితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లాను. నడుముకు కాస్త పైన ఒక్క పూస దగ్గర ఆయన మాట మధ్యలో ఆగిపోయి, కుర్చీ చేతులు పట్టుకున్నారు. స్కాన్‌లో ఆ పూస కుంగిపోయి ఉంది. అక్కడ రేడియేషన్ ఇచ్చాక కొన్ని వారాల్లో డోస్ మెల్లగా దించుకుంటూ వచ్చి, మొదట్లో ఉన్న డోస్‌కూ దానిలో సగానికీ మధ్యలో ఆపాం. నిజంగా టాలరెన్సే అయితే రేడియేషన్‌తో డోస్ ఎలా తగ్గుతుంది? క్యాన్సర్ రోగుల్లో జబ్బు నిలకడగా ఉంటే డోస్ కూడా నెలల తరబడి నిలకడగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

టాలరెన్స్ గురించి ఎక్కువమందికి తెలియని విషయం, అది అన్నిటికీ ఒకేలా రాదు. వాంతులు, మగత కొన్ని రోజుల్లో తగ్గుతాయి. నొప్పి నివారణకు టాలరెన్స్ నెమ్మదిగా వస్తుంది. పేగులకు, కంటిపాపలకు దాదాపు రానే రాదు. ఏడాది నుంచి మార్ఫిన్ వాడుతున్నవారికి కూడా పాపలు గుండుసూది మొనంత ఉంటాయి, మలబద్ధకం మొదటిరోజులాగే ఉంటుంది. ఒక్కో చోట కణాల్లో బ్రేకులు వేసే ప్రోటీన్ల కూర్పు ఒక్కోలా ఉండటం దీనికి ఒక కారణం. అందుకే "ఇప్పుడు అలవాటైంది కదా" అని విరేచనం మందు ఆపకండి.

ఇంకో విచిత్రం, టాలరెన్స్ కొంత చోటుకు కూడా అతుక్కుంటుంది. 1982లో సీగెల్ బృందం ఎలుకలకు ఒకే గదిలో హెరాయిన్ అలవాటు చేసి, తర్వాత పెద్ద డోస్ కొన్నిటికి అదే గదిలో, కొన్నిటికి కొత్త గదిలో ఇచ్చింది. కొత్త గదిలో చనిపోయినవి దాదాపు రెండింతలు. కణంలో జరిగేదే సర్వం అనుకునేవాళ్లకు నేను ఈ ప్రయోగం గుర్తుచేస్తుంటాను.

మరి టాలరెన్స్ నిజంగానే వస్తే మేమేం చేస్తాం? మందు మారుస్తాం. ఒక ఓపియాయిడ్‌కు వచ్చిన టాలరెన్స్ మరోదానికి పూర్తిగా వర్తించదు. పైన ఆర్‌జీఎస్9-2 దగ్గర చెప్పినట్టు ఒక్కో మందు లోపలివాళ్లను ఒక్కోలా లేపుతుంది. అందుకే మార్చేటప్పుడు లెక్కకు వచ్చిన డోస్‌లో సాధారణంగా 25 నుంచి 50 శాతం తగ్గించి మొదలుపెడతాం. మెథడోన్‌కు ఈ లెక్క కూడా సరిపోదు. అది శరీరంలో ఎంతసేపు ఉంటుందో మనిషికీ మనిషికీ చాలా తేడా. అనుభవం ఉన్నవాళ్లు తప్ప ముట్టుకోకూడదు. నరాల నొప్పి కలిసి ఉంటే గాబాపెంటిన్ లాంటివి చేర్చి మార్ఫిన్ భారం తగ్గిస్తాం.

బానిసత్వం సంగతి. డోస్ పెంచాల్సి రావడం టాలరెన్స్. ఆపితే ఒళ్లు తిరగబడటం ఆధారపడటం. కొన్ని వారాలు రోజూ వాడితే ఎవరికైనా రావచ్చు, మెల్లగా తగ్గిస్తే పోతుంది. వ్యసనం అంటే హాని జరుగుతున్నా, నొప్పి లేకున్నా, ఆ మందు కోసమే మనసు పరుగెత్తడం. మీ నాన్నగారు తర్వాతి మాత్ర కోసం గడియారం చూస్తూ కూర్చుంటే దాన్ని వ్యసనం అనుకోకండి. మాత్ర ప్రభావం నాలుగు గంటలు నిలవడం లేదేమో చూడాలి. వ్యసనం రిస్కు అసలు లేదని కాదు, ఇంతకుముందు మద్యం, మత్తుమందుల అలవాటు ఉన్నవారిలో జాగ్రత్త ఎక్కువ కావాలి. డాక్టరుకు ఆ విషయం దాచకండి.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తాను. ఏ కారణంగానైనా మందు కొన్నాళ్లు ఆగితే, మళ్లీ పాత డోస్‌తో మొదలుపెట్టకండి. వచ్చిన టాలరెన్స్ ఆ విరామంలో పోతుంది. ఊపిరిని మందగించే శక్తి మాత్రం మందులో అలాగే ఉంటుంది. పాత 30 మిల్లీగ్రాములే అప్పుడు ఓవర్‌డోస్ కావచ్చు. డాక్టర్ని అడిగి కొత్తగా లెక్క వేయించుకోవాలి. తనంతట తాను హఠాత్తుగా ఆపేయడమూ వద్దు.

ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేముందు రెండు మూడు రోజులు గమనించి రాసుకోండి. నొప్పి రోజంతా ఉందా, మాత్ర వేసే టైముకు ముందే పెరుగుతోందా, కదిలినప్పుడే వస్తోందా? నొప్పి పాత చోటే ఉందా, కొత్త చోటుకు వచ్చిందా? నోటితో చెప్పమనకుండా వేలితో చూపించమనండి. నిద్రలో చేతులు, కాళ్లు ఉలిక్కిపడుతున్నాయా? మూత్రం తగ్గిందా? కిడ్నీ, కాల్షియం పరీక్షలు చివరగా ఎప్పుడు చేశారు? కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మూత్రం బిగిసినా మూడు రోజులు ఆగకండి, అదే రోజు తీసుకెళ్లండి, వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. పిలిచినా సరిగా లేవనంత మగత ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మిగతావాటికి సమాధానాలు వచ్చాక ఇక్కడే కింద రాయండి. ముఖ్యంగా ఆయన వేలు ఎక్కడ పెట్టి చూపించారో రాయండి.